వన్స్‌మోర్ గారి చివరి షిఫ్టు

ఒక మనిషి జీవితాన్ని ఒక్క మాటలో చెప్పడం మహామహా చరిత్రకారులకే చేతకాదంటారు. ఆ ఊరివాళ్లకు చరిత్రతో పెద్దగా పరిచయం లేదు కాబట్టి, స్థానిక పత్రిక ఫొటోగ్రాఫరు జీవితాన్ని నిమిషంలో తేల్చేశారు. వన్స్‌మోర్. పిల్లలు వన్స్‌మోర్ గారనేవాళ్లు, పెద్దలు వన్స్‌మోర్ అనేవాళ్లు, ఆయన భార్య కోపం వచ్చినప్పుడు మాత్రమే అనేది. అంటే దాదాపు రోజూ.

బిరుదు వచ్చిన సందర్భం ఘనమైనదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వంతెన ప్రారంభోత్సవానికి ఆయన్ను పంపారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించిన క్షణాన ఫ్లాష్ వెలగలేదు. కుర్ర ఫొటోగ్రాఫరు కంగారుపడి, "అయ్యా, వన్స్ మోర్!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. అధికారులు మొహాలు మాడ్చుకున్నారు. మంత్రిగారికి మాత్రం ఆ కోరిక చాలా నచ్చింది. తెగిన రిబ్బనుకు ముడివేసి, ముడి కనపడకుండా ఒకరి చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ కత్తిరించారు. మొదటిసారి కన్నా రెండోసారే ఆయన మొహంలో దేశభక్తి ఎక్కువగా కనిపించింది.

ఆ తరువాత ఊళ్లో ఏదీ ఒక్కసారితో జరగలేదు. చెక్కులు అందుకున్నవాళ్లు వెనక్కిచ్చి మళ్లీ అందుకున్నారు. కరచాలనాలు చేతులు నొప్పిపుట్టేదాకా సాగాయి. రక్తదాన శిబిరంలో రక్తమిచ్చి లేచిపోతున్న పెద్దమనిషిని పట్టుకొచ్చి మళ్లీ పడుకోబెట్టారు. పురపాలక సంఘ సభ్యుడొకాయన రాజీనామా లేఖను అధ్యక్షుడికి అందించి, ఫొటో కోసం దాన్ని వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి అందించబోతుండగా మనసు మారింది. జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. ఊరు ఇప్పటికీ ఆ ఫొటో ఖరీదు అనుభవిస్తూనే ఉంది.

"ఊరందరికీ వన్స్ మోర్ అంటారు. మన పెళ్లికి మాత్రం ఆ అవకాశం లేకుండా పోయింది నాకు" అనేది భార్య.

ఆయన ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉండేది. కెమెరా సంచీ బరువుకు అది అలా స్థిరపడిపోయింది. సంచీ లేని రోజున కూడా లేని బరువును మోస్తున్నట్టే నడిచేవాడు. కెమెరా ఆఫీసుది, సంచీ ఆఫీసుది, భుజం మాత్రం సొంతం.

ఇలాంటి మనిషిని ఫొటో జర్నలిజం మూలసూత్రాలు బోధించడానికి పిలవాలని ఒక కాలేజీకి తోచింది. ఊళ్లో మరో ఫొటోగ్రాఫరు లేకపోవడం అందుకు కారణం. వారానికో మధ్యాహ్నం పాఠం. ఆశ్చర్యమేమిటంటే, ఆయన చాలా బాగా చెప్పేవాడు. మధ్యలో చతురస్రంగా కన్నం కోసిన అట్టముక్కను పిల్లల చేతికిచ్చి, కాలేజీ ఆవరణంతా తిప్పేవాడు.

"ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూడండి. అది చూడనివాడు గొడుగు పట్టుకోవచ్చు గానీ కెమెరా పట్టుకోకూడదు. తరువాత చట్రం. ఏది లోపల పెట్టామన్నది కాదు, ఏది బయట వదిలేశామన్నదే ఫొటో. దూరంగా ఉన్నది దగ్గరగా కావాలంటే కాళ్లున్నాయి, నడవండి. ఇక క్షణం. నొక్కుదామని మీకు అనిపించిందంటే అది దాటిపోయినట్టే."

"మరి క్యాప్షన్, సార్?" అని అడిగింది ముందు బెంచీ అమ్మాయి. ఆ అమ్మాయి అడగకపోతే క్లాసులో ఎవరూ ఏదీ అడగరు. అందుకే మిగతావాళ్లు ఆమెకు ఎంతో రుణపడి ఉండేవాళ్లు, ఆమెను భరించలేకపోయేవాళ్లు కూడా.

"క్యాప్షన్ లేని ఫొటో చిరునామా లేని కవరమ్మా. ఎవరింట్లో పడితే వాళ్ల సొంతమైపోతుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు. తీసినవాడే రాయాలి. ఇంకొకడికి వదలకూడదు. ఆఖరి సూత్రం అన్నిటికన్నా పెద్దది. జరుగుతున్నదాంట్లో వేలు పెట్టొద్దు. మీరు చూడ్డానికి వెళ్లారు, చేయించడానికి కాదు."

అమ్మాయి పెన్ను ఆగింది. "మరి మీరు, సార్?"

వన్స్‌మోర్ గారు అట్టముక్క కన్నంలోంచి ఆ అమ్మాయిని కాసేపు చూశాడు.

"నేను చెప్పేది పాఠం. చేసేది ఉద్యోగం."

ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది. ఎడిటరు ఆయన్ను గదిలోకి పిలిచి, తలుపు తనే వేశాడు. ఆ గది తలుపు వేయడమంటే ఎవరికో ద్వారం మూసుకుపోయినట్టే లెక్క.

"విలేకర్లందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫొటోలు వాళ్లే పంపిస్తారు, ఇక ఫొటోగ్రాఫర్లు ఎందుకని పైవాళ్లు అడుగుతున్నారండీ. అన్ని ఊళ్లకూ కలిపి ఒక్కరిని ఉంచుతారట. మీ పేరు చెబుదామని పాత ఫొటోలన్నీ తిరగేశాను. ఎటు చూసినా కత్తెరలే."

"రిబ్బన్లు కూడా ఉన్నాయండి."

"నవ్వులాట కాదు. నాకొక్క ఫొటో కావాలి. అడిగి చేయించింది కాదు, జరిగింది. ఈ శుక్రవారం నూలు మిల్లు మూసేస్తున్నారు. చివరి షిఫ్టు బయటికొచ్చే ఫొటో తెండి. దాన్ని పట్టుకుని నేను పైకెళ్లి మాట్లాడతాను. అది లేకపోతే నా దగ్గర మాటల్లేవు."

మిల్లు సంగతి ఆయనకు ఎడిటరు చెప్పక్కర్లేదు. భార్య తమ్ముడు అక్కడే స్పిన్నింగులో నూలు కండెలు మార్చే పని చేస్తున్నాడు. చదువు మానేసిన ఏడాదే చేరాడు. యంత్రాల హోరులో బతికినవాళ్లందరిలాగే మామూలు మాట కూడా అరిచి చెబుతాడు. బావగారింటికొచ్చి మంచినీళ్లు అడిగితే వీధి చివర్న ఎవరో తలుపు తీస్తారు. జుట్టులో ఎప్పుడూ దూది పింజెలుంటాయి. అక్క దువ్వెన తెచ్చి ఏరుతుంటే, "వదిలెయ్యవే, ఇంకెన్నాళ్లుంటాయిలే" అన్నాడు కిందటిసారి. అదొక్కటే మెల్లగా అన్నాడు.

శుక్రవారం సాయంత్రం పాఠం మిల్లు గేటు దగ్గర పెట్టాడు వన్స్‌మోర్ గారు. జీవితంలో ఒక్కసారైనా తను చెప్పే సూత్రాలను తనే పాటిస్తుండగా పిల్లలు చూడాలని ఆయన కోరిక. గేటు పడమటి ముఖం. దిగుతున్న సూర్యుడు ఎదురుగా ఉంటాడు, బయటికొచ్చే ప్రతి మొహం మీదా వెలుగు పడుతుంది. సైకిల్ స్టాండు చట్రంలోకి రాకుండా రెండడుగులు పక్కకు జరిగాడు. గోడ మీద అతికించిన మూసివేత నోటీసు ఒక అంచున కనపడేలా చూసుకున్నాడు. వాచ్‌మన్‌ను పక్కకు తప్పుకోమని అడగబోయి, నాలుక కరుచుకుని మానేశాడు. అంతటి నిష్ఠ.

సైరన్ మోగింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు మోగినట్టుంది, లేదా అందరికీ అలా అనిపించింది.

వన్స్‌మోర్ గారు పిల్లలవైపు తిరిగాడు. "ఇప్పుడు జాగ్రత్తగా వినండి. క్షణం అనేది చెప్పి రాదు. ఫొటోగ్రాఫరు మనసు ఎలా ఉండాలంటే..."

"సార్, అదిగో..." అంది ముందు బెంచీ అమ్మాయి.

"ప్రశ్నలు చివర్లో, అమ్మా. ఎలా ఉండాలంటే, రెప్ప..."

ఆయన వీపు వెనుక, అందరికన్నా ముందు వస్తున్న ముసలి కార్మికుడు గేటు దాటబోతూ ఆగాడు. ఇనుప కడ్డీ మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. వెనకాల వస్తున్నవాళ్లందరూ ఎవరూ చెప్పకుండానే ఆగిపోయారు. అందరి మొహాల మీదా ఎర్రటి ఎండ. ఒక్క చప్పుడు లేదు. తరువాత ముసలాయన చెయ్యి తీసి బయటికి నడిచాడు. అందరూ నడిచారు.

"...రెప్ప వేయకూడదు" అని ముగించి వన్స్‌మోర్ గారు తిరిగేసరికి, మిల్లు చివరి షిఫ్టు సైకిల్ స్టాండులో తాళంచెవులు వెతుక్కుంటోంది.

ఆయన కెమెరా కిందికి దించాడు. పిల్లలు నేలవైపు చూశారు. ఆయనకు కళ్ల ముందు ఎడిటరు గది తలుపు కనిపించింది, మూసుకుంటూ. అప్పుడు ఆయన నోరు, ఎన్నో ఏళ్లుగా యజమానిని అడగకుండా పనిచేయడం అలవాటైన నోరు, దానంతటదే తెరుచుకుంది.

"వన్స్ మోర్!"

స్టాండు మొత్తం ఆగింది. ఎక్కడో ఒకరు నవ్వారు. బావమరిది గొంతు గేటు ఇనుముకు తగిలి మోగింది: "ఒరే, మా బావరా! ఫ్లాష్ వెలగలేదట్రా!"

ఆ నవ్వు పాకింది. ఇంటికి వెళ్లి చేయవలసిన పనేమీ లేనివాళ్లు, వెళ్లాలని కూడా లేనివాళ్లు, సైకిళ్లు స్టాండేసి వెనక్కి తిరిగారు. సైరన్ తరువాత ఎవర్నీ లోపలికి వదలొద్దని వాచ్‌మన్‌కు ఆజ్ఞ ఉంది. కానీ ఆ ఆజ్ఞలో ఫొటోల ప్రస్తావన లేదు. గేటు తీశాడు. కార్మికులు గుంపుగా లోపలికి నడిచారు, తలలు వెనక్కి తిప్పి ఎగతాళి చేస్తూ.

"ఈసారైనా కళ్లు తెరిచి తియ్యి బావా!"

"నన్ను కాస్త సన్నగా తియ్యండి సార్, సంబంధాలు చూస్తున్నారు!" అని తలంతా నెరిసిన ఆయనెవరో అన్నాడు.

వెలుగు బాగుంది, మొహాలు బాగున్నాయి. వన్స్‌మోర్ గారి వేలు దానంతటదే నొక్కింది. ఒక్కటి.

తరువాత ఆయన గేటుకు గురిపెట్టి నిలుచున్నాడు. ఎవరూ రాలేదు.

"రండర్రా!" అని పిలిచాడు.

"ఉండు బావా, సర్దుకోనీ!" లోపలి నుంచి కేక.

కడ్డీల సందుల్లోంచి చూస్తే తెలిసింది. వాళ్లు సర్దుకోవడం లేదు. దూది బేళ్లు దించే అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఒకడు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, చాలా నిదానంగా, వేళ్ల సందులన్నీ. ముసలాయన షెడ్డు తలుపు దగ్గరికెళ్లి తాళాన్ని కుదిపి చూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు. వాచ్‌మన్ కూడా వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాడు. ఎండ గోడ మీద నుంచి పైకి ఎగబాకుతోంది.

"సార్, నేను వెళ్లి పిలుచుకురానా? వెలుగు పోతోంది" అంది అమ్మాయి.

"వద్దమ్మా" అన్నాడు వన్స్‌మోర్ గారు. "వేలు పెట్టకూడదు."

అన్ని సూత్రాల్లో పెద్దదాన్ని ఆయన మొదటిసారి పాటించాడు. ఫలితంగా, చివరి షిఫ్టు రెండోసారి బయటికి వచ్చేసరికి ఎవరి మొహం ఎవరిదో తెలియనంత మసక. ఒక్కొక్కరే వచ్చారు, ఎవరూ నవ్వలేదు.

"వచ్చిందా బావా?" అన్నాడు బావమరిది.

"వచ్చింది" అన్నాడు ఆయన.

ఇంటికి వెళ్లాక, వెళ్లానని సాక్ష్యంగా ఉంటుందని, ఉన్న ఆ ఒక్క ఫొటోనూ ఆఫీసుకు పంపాడు. కింద "మిల్లు గేటు, కార్మికులు" అని రాశాడు. అంతకన్నా రాయడానికి మొహం చెల్లలేదు. ఎలాగూ వేయరనుకున్నాడు. ఎడిటరు ఫోను చేస్తే ఏం చెప్పాలో తెలియక, ఫోను కట్టేసి ముసుగు తన్నాడు.

ఆఫీసులో ఆ రోజు జరిగినదాంట్లో ఎవరి తప్పూ లేదు. అదే అందులోని విశేషం. మిల్లు మూతపడిందన్న వార్తను విలేకరి పద్ధతిగానే రాసిచ్చాడు. ఆఖరి నిమిషంలో పరుపుల కంపెనీ ప్రకటన వచ్చి, వార్త చోట్లో పడుకుంది. వార్త మర్నాటికి వాయిదా పడింది. ప్రకటన పైన ఒక ఫొటో పట్టేంత జాగా మిగిలింది, అదీ మూసివేత నోటీసున్న అంచును కత్తిరిస్తేనే. డెస్కులో కొత్తగా చేరిన సబ్ ఎడిటరు, చదువుకున్నవాడు, వన్స్‌మోర్ గారి పాత విద్యార్థి, వాయిదా పడ్డ వార్తను చూడలేదు గానీ, ఫొటోను శ్రద్ధగా చూశాడు. ఫొటోలో ఉన్నదే రాయాలి, లేనిది రాయకూడదు. కార్మికులు లోపలికి వెళ్తున్నారు. నవ్వుతున్నారు. మాస్టారికి ఫోను చేస్తే కలవలేదు. "నవ్వుల మధ్య మళ్లీ పనిలోకి" అని పెట్టాడు.

పొద్దున్నే భార్య పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "లేవండీ! మీ ఫొటో మొదటి పేజీలో వేశారు! మా తమ్ముడు చూడండి, ఎంత బాగా పడ్డాడో! మిల్లు మళ్లీ తీస్తున్నారని ఒక్క మాట చెప్పలేదేం నాకు?"

ఆయన క్యాప్షన్ చదివాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని, సంచీ తగిలించుకుని పరుగెత్తాడు.

గేటు ముందు జనం. మిల్లువాళ్ల నీలం చొక్కాలు, ఉతికి ఇస్త్రీ చేసినవి, చేతుల్లో భోజనం డబ్బాలు. సూర్యుడు ఇప్పుడు మిల్లు వెనక నుంచి వస్తున్నాడు. గేటు కడ్డీల నీడలు బయట నిలుచున్నవాళ్ల మొహాల మీద నిలువుగా పడ్డాయి. గేటుకు దగ్గరగా, అందరికన్నా ముందు, నున్నగా గడ్డం గీసుకుని, జుట్టులో ఒక్క దూది పింజె కూడా లేకుండా, బావమరిది.

వన్స్‌మోర్ గారు వాడి చెయ్యి పట్టుకుని లాగాడు. "నువ్వెందుకొచ్చావురా? వాళ్లంటే సరే. ఆ ఫొటో ఎలా తీశానో నీకు తెలుసు కదరా!"

"తెలుసు బావా."

"నేనే కదా లోపలికెళ్లమన్నాను!"

"నువ్వే అన్నావు. కానీ మా ఆవిడ పొద్దున్నే పేపరు తెచ్చి చూపించింది. చూస్తే నేనే. నవ్వుతున్నదీ నేనే. అది డబ్బా కట్టేసింది కూడాను. కాదని ఎలా చెప్పను?" బావమరిది గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించగలడని ఊరికి తెలియదు. "పైగా, మేం ఇళ్లకెళ్లాక ఏమైనా జరిగిందేమోననుకున్నా. పేపరువాళ్లకి మనకన్నా ముందు తెలుస్తాయి కదా."

"పేపరుకు పంపింది నేనేరా."

"అదే. నీకెవరు చెప్పారా అని చూస్తున్నా."

వాచ్‌మన్ గేటు లోపలి నుంచి పేపరు మడిచి పట్టుకుని వచ్చాడు. "ఇది నేనూ చదివానయ్యా. అందుకే పొద్దున్నే తయారై కూర్చున్నాను. కానీ నాకు ఆర్డరేమీ రాలేదు" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా ఎవరూ కదల్లేదు. అందరూ కడ్డీల అవతలికి, షెడ్డు తాళంవైపు చూస్తూ నిలుచున్నారు.

వన్స్‌మోర్ గారు గోడ వారగా నడిచి గేటు పక్కకు చేరాడు. వెలుగు ఎటునుంచి వస్తోందో చూడనక్కర్లేదు. చట్రం దానంతటదే కుదిరింది. ఒక్కసారి నొక్కాడు. కెమెరా దించేశాడు.

"ఈసారి వన్స్ మోర్ అనలేదేం బావా?" అన్నాడు బావమరిది, గేటువైపు నుంచి చూపు తిప్పకుండా.

"అక్కర్లేదురా."

ఎడిటరు ఆ ఫొటోను తెర మీద చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"ఇన్నేళ్లలో మీరు తీసిన ఫొటో ఇదొక్కటేనండీ."

"వేస్తారా?"

"ఎలా వేస్తాను? వీళ్లెందుకు వచ్చి నిలబడ్డారని రాయాలి? మన పేపరు చదివి వచ్చారనా?"

"క్యాప్షన్ నేను రాస్తాను."

"ఇవాళా?" అన్నాడు ఎడిటరు. తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు లోపలి పేజీలో, వాతావరణ వివరాల కింద, సవరణ వచ్చింది. నిన్నటి చిత్రంలోని దృశ్యం ఫొటోగ్రాఫరు కోరికపై కార్మికులు ప్రదర్శించినదనీ, పాఠకులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ. అందులో వన్స్‌మోర్ గారి అసలు పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా వేశారు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ పేరు పత్రికలో అంత వివరంగా రావడం అదే మొదలు. ఊళ్లో చాలామంది అదెవరా అనుకున్నారు. ఎడిటరు పైకి వెళ్లలేదు. కెమెరా, సంచీ స్టోరుకు అప్పజెప్పేటప్పుడు గుమాస్తా బెల్టు కాస్త అరిగిందని ముఖం చిట్లించాడు.

కాలేజీ కూడా పిలవడం మానేసింది. కానీ ఆ సవరణను నైతిక విలువల పాఠంలో చేర్చారని ముందు బెంచీ అమ్మాయి ఫోను చేసి చెప్పింది. గేటు ముందరి ఫొటోను ఆమెకు పంపాడు. చాలాసేపటికి జవాబొచ్చింది. "దీనికి క్యాప్షన్ ఏం రాయాలి సార్?" ఆయన టైపు చేయడం మొదలుపెట్టి, చెరిపి, మళ్లీ మొదలుపెట్టి, చెరిపి, ఫోను పక్కన పెట్టాడు.

ఆ ఫొటోను ఇంకెవరూ అడగలేదు. అడిగింది మొదటిదాన్ని.

"నవ్వుతున్నది ఒకటి కడిగించి ఇవ్వు బావా. జన్మలో ఎందులోనూ అంత బాగా పడలేదు" అన్నాడు బావమరిది. ఎంత వద్దన్నా వినలేదు. చట్రం కట్టించి ముందుగదిలో తలుపుకు ఎదురుగా వేలాడదీశాడు.

మిల్లు మళ్లీ తెరుచుకోలేదు. యంత్రాలను విప్పి లారీల్లో ఎక్కించారు. ఇప్పుడు మధ్యాహ్నాలు వన్స్‌మోర్ గారు బావమరిది ఇంటికి వెళ్లి కూర్చుంటాడు, ఎడమ భుజం కిందికి వంచి. ఇద్దరూ ఆ ఫొటో కింద కుర్చీల్లో ఉంటారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడు పైకి చూసి, ఎప్పటిదండీ ఇది అని అడుగుతారు.

"డ్యూటీకి వెళ్తున్నప్పుడు మా బావ తీశాడు" అని బావమరిది అరిచి చెబుతాడు. వన్స్‌మోర్ గారు కాదనడు.

"అన్నయ్యగారూ, మీరూ ఆయనా కాస్త అటు జరిగితే ఊడ్చుకుంటాను" అంటుంది బావమరిది భార్య.

ఇద్దరూ లేచి కుర్చీలు అటు జరుపుకుంటారు. ఊడ్చడం అయ్యాక మళ్లీ ఇటు జరుపుకుంటారు.